రాగి కడియం మీద వంశం

వేంగి రాజుల వరాహం, బందరు సమాధుల డాళ్లు, కంపెనీ మూడక్షరాలు: కృష్ణా డెల్టా చూసిన ముద్రల కథ

దీన్ని ముద్ర అంటారు గానీ, దీనితో ఎవరూ ఎక్కడా ముద్ర వేయలేదు. లక్క మీద ఒత్తడానికి కాదు, గుడ్డ మీద అద్దడానికీ కాదు. అరచేతిలో ఇమిడే గుండ్రటి లోహపు బిళ్ల. నడుమ పల్లం. ఆ పల్లంలోంచి బొమ్మలూ అక్షరాలూ ఉబికి కనిపిస్తాయి. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండవు, తిన్నగానే చదువుకోవచ్చు. అంటే, ఇది ఇంకోచోట అచ్చు పడాల్సిన వస్తువు కాదని పోతపోసినవాడికి మొదటే తెలుసు. మూడో ఐదో రాగి రేకులకు ఒక పక్కన చిల్లు పొడిచి, అందులోంచి లావుపాటి రాగి కడియం దూర్చి, దాని రెండు కొసలనూ ఈ బిళ్ల అడుగున పెట్టి కరిగించి అతికేస్తారు. అంతే. తాళంచెవుల గుత్తిలా రేకులు తిప్పుకుంటూ చదువుకోవచ్చు. ఒక రేకు తీసి ఇంకో రేకు చేర్చాలంటే మాత్రం కడియం కొయ్యాల్సిందే. కోస్తే గాటు కనిపిస్తుంది.

దొంగతనం ఆపడానికి కాదు, దొంగతనం జరిగితే తెలియడానికి చేసిన ఏర్పాటు ఇది. అందుకే శాసన పరిశోధకులు ఏ రాగి రేకుల గురించి రాసినా ముందుగా కడియం సంగతి చెబుతారు: తమ చేతికి వచ్చేసరికి అది కోసి ఉందా, లేదా, అచ్చుప్రతి తీయడానికి తామే కోయించారా అని. రేకుల అంచులు కాస్త పైకి లేపి ఉంటాయి, ఒకదానితో ఒకటి రాసుకుని అక్షరం అరిగిపోకుండా. తాటాకును చెద తింటుంది, వరద తీసుకుపోతుంది. ఏటి ఒడ్డు దేశంలో వందల ఏళ్లు నిలవాల్సిన మాటను రాగి మీద చెక్కించడం ఆనాటి దఫ్తరంవాళ్ల ముందుచూపు.

ఆ రేకుల్లో ఉన్నది భూదానం. దాని సరిహద్దులు, పుచ్చుకున్నవాళ్ల గోత్రాలు, అడ్డొచ్చినవాళ్లకు శాపాలు. ఇవన్నీ ఎన్నోసార్లు అచ్చయ్యాయి. ఈ కథనం ఆ బిళ్ల మీది బొమ్మల గురించి. ఒక వంశం తన గుర్తుగా దేన్ని ఎంచుకుంది, ఎంత చోటులో ఎన్ని ఇరికించింది, ఆ తర్వాత అదే గడ్డ మీద దిగిన పరాయి వర్తకులు తమ గుర్తులను ఎలా గీసుకున్నారు అనేది. బందరు, గుడివాడ, దివిసీమల్లో ఈ సంగతి చెప్పుకోవడానికి దొరికినంత సరుకు తెలుగునాట ఇంకెక్కడా దొరకదేమోనని నా అనుమానం.

గుడివాడ సీమ బిళ్లలు

అన్నిటికంటే పాతది బృహత్ఫలాయనులది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఈ వంశంలో మనకు గట్టిగా తెలిసిన రాజు జయవర్మ ఒక్కడే. అతని రాగి రేకులు తెనాలి వైపు కొండముదిలో దొరికాయి. అందులో అతని విడిది కూదూరు. అది బందరు పక్క గూడూరా, దివిసీమ వైపు కోడూరా అని పండితులు వాదించుకున్నారు. ఏదైనా మన కృష్ణా జిల్లా మండలమే. శాసనం ప్రాకృతంలో ఉంది. ముద్ర మీది అక్షరాలు మాత్రం సంస్కృతం. అందులో రాజు పేరు కంటే ముందు గోత్రం పేరు వస్తుంది. బొమ్మలు నాలుగే: త్రిశూలం, విల్లులాంటిది, చంద్రవంక, ఆనవాలు పట్టలేనంతగా అరిగిన ఇంకొకటి.

తర్వాత వచ్చిన విష్ణుకుండినులు పంజా ఎత్తిన సింహాన్ని పెట్టుకున్నారు. ఏడో శతాబ్దంలో బాదామి నుంచి వచ్చి వేంగిలో పాతుకున్న కుబ్జ విష్ణువర్ధనుడు చేసిన పని చూడండి. బిరుదు తనది, 'విషమసిద్ధి' అని. నాణెం మీద బొమ్మ మాత్రం సింహం! చాళుక్యుల ఇంటి గుర్తు వరాహం కదా. కొత్తగా వచ్చినవాడు ఊరివాళ్లకు అలవాటైన బొమ్మనే సంతలో తిప్పడం తెలివైన పని. నాణెం నమ్మకం మీద నడుస్తుంది, వంశగౌరవం మీద కాదు.

అతని కొడుకు మొదటి జయసింహుడి శాసనం ఒకటి గుడివాడ, పామర్రుల మధ్య ఉన్న పెదమద్దాలిలో దొరికింది. దానమిచ్చిన ఊరు గుద్రవార విషయంలోది. ఆ విషయం అంటే ఇప్పటి గుడివాడ సీమేనని చరిత్రకారుల నిర్ణయం. వేంగి శాసనాల్లో ఆ పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. ఈ తొలి రాజుల ముద్రలు చూస్తే ముచ్చటేస్తుంది. నడుమ ఒక్క వరస అక్షరాలు, 'శ్రీ సర్వసిద్ధి'. పైన చంద్రవంక. కింద పద్మం. ఇంకేమీ లేదు. చుట్టూ బోలెడు ఖాళీ.

తొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి ఆ ఖాళీ నిండడం మొదలైంది. రెండవ విజయాదిత్యుడు రాష్ట్రకూటులతో 12 ఏళ్లలో 108 యుద్ధాలు చేశాడనీ, అన్ని శివాలయాలు కట్టించాడనీ వంశ శాసనాలు చెబుతాయి. అతని కాలం నుంచి ముద్ర మీది మాట 'శ్రీ త్రిభువనాంకుశ'గా స్థిరపడింది. బందరు పేరుతో అచ్చైన తామ్రశాసనాలు ఒకటి కాదు, కొన్ని ఉన్నాయి. వాటితో మొదలుపెట్టి డెల్టాలో దొరికిన వేంగి రేకుల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతివే. అక్షరాల పైన పరుగుమీదున్న వరాహం, సూర్యుడు, చంద్రుడు, ఏనుగును అదిలించే అంకుశం. అక్షరాల కింద పద్మం.

ఈ అమరిక వెనక ఉన్న బుర్రను మెచ్చుకోవాలి. వరాహాన్ని పక్క నుంచి చూపించాడు. ఎందుకంటే ఆ మూతి, ఆ మూపు, ఆ వీపు మీది జూలు పక్క నుంచే ఆనవాలు పడతాయి. ఎదురుగా చూస్తే అది పందో ఎలుగో చెప్పలేం. పద్మాన్ని పై నుంచి చూపించాడు, రేకులు లెక్కపెట్టగలిగేలా. ఒకే బిళ్ల మీద రెండు రకాల చూపు, అయినా కంటికి తేడా అనిపించదు. ఇక అంకుశం ఉందే, అది బిరుదునే బొమ్మగా వేసేయడం. చదువు రానివాడు కూడా రాజు బిరుదు చదివేసినట్టే. యూరప్‌లో పన్నెండో శతాబ్దంలో డాళ్ల మీద వంశచిహ్నాలు మొదలయ్యాక అక్కడి చిత్రకారులూ ఇదే పట్టు పట్టారు. ఇంటిపేరు ఏ వస్తువును గుర్తుచేస్తే ఆ వస్తువునే డాలు మీద గీశారు. మనవాళ్లు అంతకు మూడు శతాబ్దాల ముందే చేశారని చంకలు గుద్దుకోనక్కర్లేదు. పనిమంతుడు ఎక్కడైనా ఒకేలా ఆలోచిస్తాడు.

తేడా ఇంకోచోట ఉంది. ఇంగ్లండులో తండ్రి డాలును కొడుకులు యథాతథంగా వాడకూడదు. పెద్దవాడికి ఒక గుర్తు, రెండోవాడికి ఒక గుర్తు అదనంగా చేర్చాలి, ఎవరు ఎవరో తెలియడానికి. వేంగిలో ఆ గొడవే లేదు. పదో శతాబ్దంలో రెండవ అమ్మరాజు, బాడపుడు, తాళుడు గద్దె కోసం తన్నుకుంటూ ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు, దిగారు. ముద్ర మాత్రం అందరిదీ ఒకటే వరాహం. అది మనిషికి చెందదు, ఇంటికి చెందుతుంది. ఇల్లు ఎవరి చేతిలో ఉంటే ముద్ర వాళ్లది. ఇంకా చెప్పాలంటే ఆ ఇల్లు కూలిపోయాక కూడా వరాహం బతికింది. తర్వాతి కాలంలో కాకతీయులూ, విజయనగర రాయలూ దాన్ని పెట్టుకున్నారు. విజయనగరం ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, కత్తి.

ఇక్కడ రేకు చెక్కినవాడి సంగతి కూడా చెప్పాలి. రెండవ అమ్మరాజు శాసనాల చివర జొంతాచార్యుడనే పేరు కనిపిస్తుంది, రాసింది తనేనని. శ్లోకాలు కట్టిన కవికీ, ఆజ్ఞ అమలు చేసిన అధికారికీ పక్కనే ఆ పేరు. కింద సంతకం పెట్టుకునే హక్కు ఆచార్యుడికి ఉందన్నమాట. బిళ్ల పోసినవాడు తనేనా, వేరెవరైనానా అనేది రేకు చెప్పదు. కానీ రేకూ బిళ్లా ఒకే రాజు కొలువులో తయారైన సరుకు, ఆ చేతుల్లో పొరపాటు అరుదు. ఈ రోజుకీ బందరు శివారు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు అచ్చులు చెక్కేవాళ్లు ఉన్నారు. ఉక్కు దిమ్మ మీద నగ డిజైను తిరగేసి చెక్కుతారు. గీతకూ గీతకూ మధ్య చోటు లేకపోతే రేకు మీద ఏదీ తేలదు. ముద్ర గీసేవాడికి మొదటి పాఠం అదే.

ఆ పాఠాన్ని వేంగి కొలువే మరిచిపోయింది. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల బంగారు నాణేలు చూడండి. ఇవి అరకాన్ తీరంలోని చెదూబా దీవిలో కూడా దొరికాయి. మన రేవుల నుంచి పడవలు ఎంత దూరం పోయాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పలచటి రేకులాంటి నాణెం. నడుమ వరాహం, దాని నెత్తిన గొడుగు, రెండు పక్కలా చామరాలు, చుట్టూ ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టిన రాజు పేరు. రాజరాజు కాలపు రాగి శాసనాల బిళ్లలు ఇంకా రద్దీ. వరాహం చుట్టూ శంఖం, చామరాలు, భేరి, ఇలా రాచమర్యాదల సామానంతా కొలువు తీరి ఉంటుంది. జంతువు ఊపిరాడక నిలబడ్డట్టుంది పాపం. మరి ఆ రాజరాజు పరిస్థితేమిటి? ఒక పక్క సవతి తమ్ముడు విజయాదిత్యుడు, వాడి వెనక కల్యాణి చాళుక్యులు. ఇంకో పక్క తనను నిలబెట్టిన మేనమామల చోళ సైన్యం. 'సర్వసిద్ధి' కాలంలో చంద్రవంక, పద్మం చాలాయి. గద్దె కదులుతున్నప్పుడు మాత్రం గొడుగూ చామరాలూ అన్నీ చూపించాల్సొచ్చింది. ముద్రలో సామాను పెరిగిందంటే ఇంట్లో ధైర్యం తగ్గిందని నా లెక్క. కళాచరిత్రకారులు ఇది అలంకార ప్రియత్వమంటారు. కావచ్చు. కానీ వరస చూస్తే నా లెక్కే నిజమనిపిస్తుంది.

తెలికి వేయిమంది

రాజులకే కాదు, వంశపారంపర్య సంఘాలకూ ఈ ముద్రతో పని పడింది. రాజరాజు మనవడు చోడగంగు, అంటే కులోత్తుంగుడి కొడుకు, వేంగికి ప్రతినిధిగా ఉన్నప్పుడు 1086-87 ప్రాంతంలో ఒక శాసనం వేయించాడు. గోదావరి జిల్లా టేకిలో దొరికింది. అందులో భూమి లేదు, బంగారం లేదు. బెజవాడలోనూ ఇతర పట్టణాల్లోనూ ఉన్న తెలికి వారనే వేయి కుటుంబాల సంఘానికి ఇచ్చిన మర్యాదలు ఉన్నాయి. పెళ్లి ఊరేగింపులో గుర్రమెక్కి వీధుల్లో వెళ్లే హక్కు, పెళ్లయ్యాక రాజు సముఖంలో వస్త్రాలతో, తాంబూలంతో జరిగే మర్యాద. చాళుక్యుల మూలపురుషుడి వెంట వచ్చిన పాత సేవక వంశాలవాళ్లని శాసనం వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. వాళ్ల పిల్లలకూ, ఆ పిల్లల పిల్లలకూ ఈ మర్యాద చెల్లుతుంది.

ఆలోచించండి. రాజు సొమ్ము ఒక్క దమ్మిడీ ఖర్చు కాలేదు. వెయ్యి ఇళ్లవాళ్లు జన్మజన్మలకూ కట్టుబడ్డారు. ఆ కట్టుబాటుకు సాక్ష్యం కడియం మీది వరాహం. తాతల నాటి మర్యాద అడిగే హక్కు ఆ బిళ్ల ఇచ్చింది. పెళ్లి ఊరేగింపులో ఎవరు గుర్రమెక్కాలి, ఎవరు ఎక్కకూడదు అనే తగువు మన పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఎలా నడిచిందో తెలిసినవాళ్లకు ఆ రాగి రేకు విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఏడు వందల ఏళ్ల తర్వాత, ఇంకో ఖండంలో, ఇలాంటిదే ఒకటి పుట్టింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగుస్తుండగా 1783లో సైనికాధికారులు సిన్సినాటి సొసైటీ పెట్టుకున్నారు. సభ్యత్వం తండ్రి నుంచి పెద్ద కొడుక్కి వస్తుంది. మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్. పియర్ లాంఫాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు గద్ద చిహ్నం గీశాడు. తమ ముద్రకూ పతకానికీ వాళ్లు ఎంచుకున్న కథ రోమన్ల నాటిది: పొలం దున్నుకుంటున్న సిన్సినాటస్‌కు ముగ్గురు సెనేటర్లు కత్తి అందిస్తుంటారు. వెనక గుడిసె, గుమ్మంలో భార్య, పక్కన నాగలి. రెండో వైపు పొడిచే పొద్దు, తలుపులు తెరిచిన పట్టణం, రేవులోకి వస్తున్న ఓడలు, చేతులు కలిపి పట్టుకున్న హృదయం, లాటిన్ నినాదాలు. రాజరాజు బిళ్లే నయం!

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఈ సంఘం నచ్చలేదు. 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో లెక్క వేసి చూపించాడు. తరం తరానికీ రక్తం సగమవుతూ పోతుంది, తొమ్మిది తరాలకు ఆ వీరుడి వాటా 512లో ఒక వంతు మిగులుతుంది. గౌరవం కిందికి దిగడం కాదు, కనిపెంచిన తల్లిదండ్రుల వైపు పైకి ఎక్కాలి అన్నాడు. చిహ్నంలోని గద్ద టర్కీ కోడిలా ఉందని ఎవరో అంటే, టర్కీ కోడే మర్యాదస్తురాలని సమర్థించాడు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. ముద్రా ఉంది.

బందరులో డాళ్లు

బందరులో పేటల పేర్లు చదివితే చాలు, ఎవరెవరు వచ్చి దిగారో తెలిసిపోతుంది: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. డచ్చివాళ్లు 1605లో వచ్చి, మరుసటి ఏడు గోల్కొండ నవాబు నుంచి అనుమతి పుచ్చుకున్నారు. ఇంగ్లీషువాళ్లు 1611లో దిగారు. ఫ్రెంచివాళ్లు 1669లో. ఆ అనుమతి ఫర్మానాల మీద కుతుబ్‌షాహీ ముద్రలు ఉండేవి. వాటిలో బొమ్మ అనేదే ఉండదు. పేరు, దైవస్మరణ, అల్లిబిల్లిగా అల్లిన పారసీ లిపి. ఒక వంశం బొమ్మ లేకుండా కూడా తన ముద్ర నిలబెట్టుకోగలదని మన రేవు జనం అప్పుడు చూశారు.

డచ్చివాళ్లది ఇంకో దారి. బందరులోని డచ్చి సమాధుల తోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల రాళ్లు. పొడుగాటి పలకరాయి, పై భాగంలో ఉబ్బెత్తుగా చెక్కిన డాలు. డాలు మీద ఇనుప శిరస్త్రాణం, అటూ ఇటూ జాలువారే ఆకుల్లాంటి అల్లిక, కింద డచ్చి పెద్దక్షరాల్లో పేరు, హోదా, పోయిన తేదీ. చెక్కడం లోతుగా ఉంటుంది. ఏటవాలు ఎండలో నిలబడి చూస్తే డాలు అంచు నీడ ఆకుల అల్లిక మీద పడి, రాతి మీద ఇంకో బొమ్మ తేలుతుంది. మిట్టమధ్యాహ్నం వెళితే అంతా బోసి. 1897లో అలెగ్జాండర్ రీ మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాల మీద తెచ్చిన పుస్తకంలో ఇలాంటి రాళ్లను శ్రద్ధగా గీయించాడు. ఎండ కోసం ఆగే ఓపిక లేనివాళ్లు ఆ పటాలు చూసుకోవచ్చు.

ఈ డాళ్లు రాజులిచ్చినవి కావు. హాలెండులో వంశచిహ్నం పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. షావుకారైనా, రొట్టెలు కాల్చేవాడైనా తనకు నచ్చిన డాలు గీయించుకోవచ్చు. ఇంగ్లండులో అలా కుదరదు, అక్కడ దానికో ఆఫీసు, అధికారులు. కాబట్టి బందరులో చనిపోయిన డచ్చి వర్తకుడి రాయి మీద కనిపించే శిరస్త్రాణం చూసి ఆయన ఏ యుద్ధవీరుడో అనుకోకండి. ఆ తలకు ఎక్కింది టోపీయే అయ్యుంటుంది. ఊరుగాని ఊరులో, తనవాళ్లెవరూ రాని చోట, ఇల్లు మరిచిపోకూడదని వేయించుకున్న గుర్తు అది. అందులో నాకు గొప్పలు చెప్పుకోవడం కంటే బెంగే ఎక్కువ కనిపిస్తుంది.

వీళ్లు కొలువు చేసిన కంపెనీ మాత్రం బెంగలూ గొప్పలూ లేకుండా పని కానిచ్చింది. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ గుర్తు మూడక్షరాలు: వి, ఓ, సి. పెద్ద వి, దాని రెండు కాళ్ల మీదా ఓ, సి. పైన ఏ ఊరి శాఖదో చెప్పే ఒక అక్షరం. ఫిరంగి మీద అదే, రాగి నాణెం మీద అదే, పింగాణీ పళ్లెం మీద అదే, బట్టల మూట మీద అదే. వంపు తిరిగిన గీతలు కొద్ది, ఇనుప కడ్డీని వంచి కూడా చేసేయొచ్చు. ఎర్రగా కాల్చి చెక్క మీద పెడితే చాలు. ప్రపంచమంతా తెలిసిన మొదటి వ్యాపార చిహ్నం ఇదేనని చాలామంది అంటారు. ఇంగ్లీషు కంపెనీకి దర్జా డాలు ఉండనే ఉంది, 1600 నాటిది, తెరచాపలెత్తిన మూడు ఓడలతో. కానీ మూటల మీద కొట్టింది అది కాదు. హృదయాకారం, దాన్ని గళ్లుగా విడగొట్టి కంపెనీ అక్షరాలు, నెత్తిన నాలుగు అంకెలాంటి గుర్తు. డాలు లండన్ హాల్లో గోడకు, హృదయం రేవులో కూలివాడి భుజానికి.

కోరమాండల్ బట్టల అంచున, వెనక వైపున కొట్టిన ఈ ముద్రలు ఇండోనేషియాలో ఇప్పటికీ కనిపిస్తాయి. సులవేసి దీవిలో తొరాజా జనం మన తీరపు అద్దకం బట్టలను తాతముత్తాతల సొత్తుగా దాచుకున్నారు, కర్మకాండల్లో మాత్రమే బయటికి తీస్తారు. వాటిలో కొన్నిటి మీద ఆ మూడక్షరాలు ఉన్నాయి. ఏ వంశానిదీ కాని గుర్తు, వాటాదార్ల కంపెనీ గుర్తు, 1799లో కంపెనీయే మూతపడ్డాక, ఏడు సముద్రాల అవతల వంశపారంపర్య ఆస్తిలో భాగమైపోయింది. పెడనలో టేకు అచ్చులు చెక్కేవాళ్లకు ఈ కథ చెప్పాలి. పూలూ లతలూ ఎవరైనా మెచ్చుకుంటారు. మూల మీద పడిన కంపెనీ ముద్రను కూడా మొక్కే చోటు ఒకటుంది.

గీసినవాళ్లు బందరువాళ్లే

ఇరవయ్యో శతాబ్దంలో ముద్ర చేతులు మారింది. రాజులు, కంపెనీలు పోయి సంస్థలు వచ్చాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది. దాని చిహ్నం గీసింది బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్న కౌతా రామమోహనశాస్త్రి. సలహా కట్టమంచి రామలింగారెడ్డిది. ఉదయించే సూర్యుడు, పద్మం, స్వస్తికం, కాపలాగా రెండు పాములు, ఉపనిషత్ వాక్యం. యూరప్ విశ్వవిద్యాలయాల డాలు చట్రాన్ని పక్కన పెట్టి, వేంగి బిళ్లకు దగ్గరగా వచ్చిన పని ఇది. పద్మం, సూర్యుడు ఏనాటి చుట్టాలో చూడండి. పాములు ఎక్కువయ్యాయని నాకనిపిస్తుంది. కానీ తీసేయమంటే విశాఖవాళ్లు ఊరుకోరు.

అదే కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్యది మొవ్వ మండలం భట్లపెనుమర్రు. 1916లో జాతీయ జెండా మీద ఆయన వేసిన చిన్న పుస్తకంలో ముప్పైకి పైగా నమూనాలున్నాయి. ముప్పై! అందరినీ మెప్పించే ఒక్క గుర్తు కోసం ఇంతగా కాగితం ఖరాబు చేసినవాడు మన జిల్లాలో మరొకడు ఉండడు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో ఆయన గాంధీజీకి చూపించిన నమూనాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు. మిగతావాళ్లకు తెలుపు చేర్చమన్నారు గాంధీజీ. నడుమ రాట్నం.

రంగులకు వాటాలు వేసేసరికి అసలు చిక్కు మొదలైంది. మా రంగేదని సిక్కులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఒక్కొక్కరికీ ఒక్కో పట్టీ ఇస్తూ పోతే జెండా రాజరాజు బిళ్లవుతుంది. 1931లో కాంగ్రెసు ఆ ముడి విప్పిన తీరు నాకు భలే ఇష్టం. కొత్త రంగు చేర్చలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అని స్థిరపరిచి, ఏ రంగూ ఏ మతానిదీ కాదని తీర్మానం చేసింది. 1947 జులై 22న రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. రాట్నాన్ని రెండో వైపు నుంచి చూస్తే తిరగబడినట్టుంటుంది. చక్రానికి ఆ ఇబ్బంది లేదు.

ఉన్న బొమ్మను తీయబోతే ఏమవుతుందో తెలంగాణలో 2024లో చూశాం. 2014లో లక్ష్మణ్ ఏలే గీసిన చిహ్నంలో కాకతీయ తోరణం, నడుమ చార్మినార్. ప్రభుత్వం మారాక కొత్త చిహ్నం తెస్తామంటే, ఆ రెండూ తీసేస్తారా అని ఓరుగల్లూ, పాతబస్తీ ఒకేసారి లేచాయి. ఆవిర్భావ దినోత్సవానికి ముందు ఆ పని వాయిదా పడింది. బొమ్మ తీయడం పెట్టడం కంటే కష్టమని వేంగి కొలువు అధికారులను అడిగినా చెప్పేవాళ్లు.

మన ఆంధ్రప్రదేశ్ చిహ్నం మార్చింది 2018లో. నడుమ అమరావతి శిల్పంలోని పూర్ణఘటం. మంచి ఎంపిక. ఏ వంశానిదీ కాదు, ఏ ఒక్క మతానికీ కులానికీ రాసివ్వనిది. ఆ నిండుకుండ ఒక్కటే పెడితే జయసింహుడి బిళ్లలా ఉండేది. కానీ చుట్టూ ధర్మచక్రం, త్రిరత్నాలు, మూడు వరసల పూసలు. లోపలి వరసలో 48, మధ్య వరసలో 118, బయటి వరసలో 148. కింద జాతీయ చిహ్నం సరేసరి. అమరావతి శిల్పికి పాలరాతి పలక నిండా చోటు ఉంది, ఎన్ని పూసలైనా వేసుకున్నాడు. ఇప్పుడు ఆ బొమ్మ నిలవాల్సింది సర్టిఫికెట్ పై అంచున, రూపాయి బిళ్లంత జాగాలో. మండలాఫీసు ఎదుటి జిరాక్సు కొట్టులో ఒక కాపీ తీయించి చూడండి. 314 పూసలూ కలిసి ఒకటే నల్ల గీతైపోతాయి. కుండ మాత్రం తెలుస్తుంది.